ఇండీ లేబుల్‌కి ఏ ఏడాది మేలైనది? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక ఇండిపెండెంట్ (ఇండీ) రికార్డ్ లేబుల్‌ని, అంటే రికార్డులు విడుదల చేసే సంస్థని తీసుకుని, దాని చరిత్రలో ఏ సంవత్సరం అన్నిటికన్నా గొప్పదో తేల్చే చర్చ హైదరాబాద్‌లో నలుగురైదుగురు కలిసి పెట్టుకోవాలంటే తెలియాల్సిన సంగతులు ఇవి. ఉదాహరణలకు ఎక్కువగా లండన్‌లోని క్రియేషన్ రికార్డ్స్‌ని వాడాం. ఈ చర్చలో వచ్చే చిక్కులు దాదాపు అన్నీ ఆ ఒక్క లేబుల్ కేటలాగులోనే ఉన్నాయి.

గొప్ప ఆల్బమ్ ఏదని అడిగితే సరిపోదా? ఏడాది లెక్క ఎందుకు?

ఆల్బమ్ బాగుంటే ఆ పేరు బ్యాండ్‌కి వెళ్తుంది. లేబుల్ పనితనం తెలియాలంటే ఒకే ఏడాదిలో ఎవరెవరిని నమ్మి డబ్బు పెట్టింది, ఎంత ఓపిక పట్టింది, ఎన్ని రకాల సంగీతాన్ని ఒకే గూటి కిందికి తెచ్చింది అనేది చూడాలి. అందుకని మేలైనవాటి వరసలో మొదటి రికార్డు కాదు, అయిదో రికార్డు ఎలా ఉందో చూడమంటాం. ఏ లేబుల్‌కైనా ఎప్పుడో ఒకప్పుడు ఒక గొప్ప ఆల్బమ్ తగలొచ్చు. అదే ఏడాది వచ్చిన అయిదో రికార్డు కూడా ఇవాళ కూర్చుని మొత్తం వినేలా ఉంటే, అది లేబుల్ సత్తా.

ఏది ఇండిపెండెంట్, ఏది కాదు?

బ్రిటన్‌లో 1980 జనవరిలో ఇండీ చార్ట్ మొదలైనప్పుడు పెట్టుకున్న కొలమానం పంపిణీ. రికార్డుని దుకాణాలకు చేర్చేది పెద్ద కంపెనీల పంపిణీ వ్యవస్థ కాకపోతే అది ఇండీ. సంగీతం ఏ తరహాదన్నది అక్కడ ప్రశ్నే కాదు.

చిక్కు వచ్చేది వాటాల దగ్గర. 1983లో మొదలైన క్రియేషన్‌లో 1992లో సోనీ 49 శాతం కొంది. సియాటిల్‌లోని సబ్ పాప్‌లో 1995లో వార్నర్ 49 శాతం తీసుకుంది. మరి ఒయాసిస్ మొదటి ఆల్బమ్ 1994లో వచ్చింది కాబట్టి దాన్ని పక్కన పెట్టాలా? మేం పెట్టం. ఎవరితో ఒప్పందం కుదుర్చుకోవాలి, ఏది విడుదల చేయాలి అనే నిర్ణయం లేబుల్ మనుషుల చేతిలోనే ఉన్నంతకాలం లెక్కలోకి తీసుకోవాలి. మీరు వేరేలా అనుకున్నా ఇబ్బంది లేదు. కాకపోతే ఆ గీత చర్చకు ముందే కాగితం మీద ఉండాలి. మధ్యలో గీస్తే, తమకు నచ్చని ఏడాదిని తప్పించడానికే గీశారని ఎదుటివాళ్లు అనుకుంటారు. అక్కడితో సంగీతం మాట పోయి పంతం మిగులుతుంది.

ఆదిత్య మ్యూజిక్, లహరి లాంటి వాటితో ఈ చర్చ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు గానీ ప్రశ్న మారిపోతుంది. అవి ప్రధానంగా సినిమా పాటల హక్కులు కొని విడుదల చేస్తాయి. పాట చేయించేది నిర్మాత, సంగీత దర్శకుడు. కాబట్టి ‘లేబుల్‌కి గొప్ప ఏడాది’ అన్నది ‘ఆ ఏడాది ఎవరి సినిమాల హక్కులు దొరికాయి’ అన్న దగ్గరికి వచ్చి ఆగుతుంది. అయినా సరే అనుకుంటే ఒక్క జాగ్రత్త: సినిమా విడుదల తేదీ కాకుండా ఆడియో విడుదల తేదీ పట్టుకోండి. డిసెంబర్‌లో ఆడియో వచ్చి సంక్రాంతికి సినిమా వస్తే రెండూ వేర్వేరు ఏళ్లలో పడతాయి.

మొదటిసారికి ఏ లేబుల్ తీసుకోవాలి?

క్రియేషన్. ఏళ్ల మధ్య తేడా స్పష్టంగా ఉంటుంది, ముఖ్యమైన ఆల్బమ్‌లు దాదాపు అన్నీ స్ట్రీమింగ్‌లో దొరుకుతాయి, ఒయాసిస్ పుణ్యమా అని ఒక్క పేరైనా అందరికీ తెలిసి ఉంటుంది. రెండోసారికి లండన్‌లోని ఇంకో లేబుల్ 4ఏడీ. మాంచెస్టర్ ఫ్యాక్టరీ రికార్డ్స్ మూడోసారికి ఉంచండి. 1979లో జాయ్ డివిజన్ మొదటి ఆల్బమ్, 1980లో రెండోది, 1983లో ఆ బ్యాండ్‌లో మిగిలినవాళ్లు పెట్టిన న్యూ ఆర్డర్ ‘బ్లూ మండే’, అలా ఒకే బృందం చుట్టూ తిరిగి చర్చ ఇరుకైపోతుంది.

ఏడాదిని దేన్నిబట్టి నిర్ణయించాలి?

లేబుల్ సొంత దేశంలో మొదటిసారి అమ్మకానికి పెట్టిన తేదీని బట్టి. రికార్డింగ్ తేదీ వద్దు, లేబుల్ తన విడుదలలకు వేసుకునే కేటలాగ్ నంబరు వద్దు.

కేటలాగ్ నంబరుని నమ్మితే ఎలా దెబ్బ తింటారో చూడండి. మై బ్లడీ వాలెంటైన్ ‘లవ్‌లెస్’ నంబరు సీఆర్‌ఈఎల్పీ 060. రైడ్ ‘నోవేర్’ నంబరు 074. నంబర్ల వరస చూస్తే లవ్‌లెస్ ముందు వచ్చిందనుకుంటాం. నిజానికి నోవేర్ 1990 అక్టోబర్‌లో, లవ్‌లెస్ 1991 నవంబర్‌లో వచ్చాయి. లవ్‌లెస్ రికార్డింగ్ 1989లో మొదలై రెండేళ్లకు పైగా సాగింది. నంబరు ముందే కేటాయించేశారు, ఆల్బమ్ మాత్రం రాలేదు. ఫ్యాక్టరీ దగ్గరైతే నంబరుకి రికార్డుతో సంబంధం ఉండాలని కూడా లేదు: ఫ్యాక్ 1 ఒక పోస్టర్, ఫ్యాక్ 51 హాసియెండా క్లబ్బు.

జాజ్ లేబుళ్లతో రికార్డింగ్ తేదీ సమస్య. బ్లూ నోట్ 1964ని తీసుకునేవాళ్లు వేన్ షార్టర్ ‘స్పీక్ నో ఈవిల్’ని అందులో కలిపేస్తారు. రికార్డ్ చేసింది 1964 డిసెంబర్ 24న, విడుదలైంది 1966లో. జాజ్ అభిమానులు రికార్డింగ్ సెషన్ల ప్రకారమే ఆలోచిస్తారు కాబట్టి, బ్లూ నోట్ వరకూ రికార్డింగ్ తేదీ పెట్టుకున్నా తప్పు లేదు. ఒకే చర్చలో రెండు కొలమానాలు మాత్రం కలపకండి.

స్ట్రీమింగ్ యాప్‌లో వేరే సంవత్సరం చూపిస్తోందే?

అది చాలాసార్లు రీమాస్టర్ (శబ్దం మళ్లీ సరిచేసిన ప్రతి) లేదా రీఇష్యూ (మళ్లీ విడుదల) సంవత్సరం. లవ్‌లెస్ 2012లో రీమాస్టరై వచ్చింది, ఒయాసిస్ మొదటి ఆల్బమ్ డెఫినిట్లీ మేబీ 2014లో. రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో ఆల్బమ్ ‘మాస్టర్’ పేజీ తెరిచి, వెర్షన్లను సంవత్సరం వారీగా పేర్చి, లేబుల్ సొంత దేశపు మొదటి ముద్రణని చూడండి. జాబితా తయారుచేసే పని ఒక్కరికే అప్పగించండి. ముగ్గురు మూడు చోట్ల చూసి తెస్తే జాబితా సరిచూడ్డంలోనే సాయంత్రం గడిచిపోతుంది.

సింగిల్స్, ఈపీలు లెక్కలోకి వస్తాయా?

రావాలి. ఇండీ లేబుల్‌కి ఈపీ (సింగిల్‌కన్నా పెద్దది, ఆల్బమ్‌కన్నా చిన్నదైన రికార్డు) అంటే చిన్న సరుకు కాదు. రైడ్ 1990లో వరసగా తెచ్చిన ఈపీల వల్లే నోవేర్‌కి ముందే ఆ బ్యాండ్‌కి పేరు వచ్చింది.

ఒక పాట రెండేళ్లలో కనిపించినప్పుడే గొడవ. ప్రైమల్ స్క్రీమ్ ‘స్క్రీమడెలికా’ 1991 సెప్టెంబర్ 23న వచ్చింది. కానీ అందులోని ‘లోడెడ్’, ‘కమ్ టుగెదర్’ 1990లోనే సింగిల్స్. లవ్‌లెస్ చివరి పాట ‘సూన్’ కూడా 1990లో ‘గ్లైడర్’ ఈపీలో ముందే ఉంది. ఇలాంటప్పుడు పాటను సింగిల్‌గా వచ్చిన ఏడాదికీ, ఆల్బమ్‌ని ఆల్బమ్ వచ్చిన ఏడాదికీ వేయండి. లోడెడ్ 1990కి బలం. స్క్రీమడెలికా మొత్తంగా, పాటల వరసతో సహా, 1991కి బలం. రెండుసార్లు లెక్కించినట్టేగా అంటారు. అవును, అయినా ఇదే న్యాయం. ఆ సింగిల్ 1990లో చేసిన పని వేరు, ఏడాదిన్నర తర్వాత ఆ ఆల్బమ్ మధ్యలో అది చేసే పని వేరు.

సంకలనాలు, రీఇష్యూలు, లైవ్ రికార్డులు వద్దు. పాత పాటలతో ఏడాదికి బలం రాకూడదు.

ఒకే ఆల్బమ్ రెండు దేశాల్లో రెండు లేబుళ్ల మీద ఉంటే?

బ్యాండ్‌తో నేరుగా ఒప్పందం ఉన్న లేబుల్‌కే ఇవ్వండి. లవ్‌లెస్ అమెరికాలో సైర్ మీద, టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ ‘బ్యాండ్‌వాగనెస్క్’ డీజీసీ మీద వచ్చాయి. అయినా రెండూ క్రియేషన్ లెక్కే. షుగర్ ‘కాపర్ బ్లూ’ 1992లో బ్రిటన్‌లో క్రియేషన్ మీద, అమెరికాలో రైకోడిస్క్ మీద వచ్చింది. ఇలాంటివాటికి సగం పాయింట్లు ఇస్తే సరిపోతుంది. నిర్వాణ విషయంలో తరచూ పొరపాటు జరుగుతుంది: ఆల్బమ్‌లలో 1989 నాటి ‘బ్లీచ్’ మాత్రమే సబ్ పాప్‌ది. ‘నెవర్‌మైండ్’ డీజీసీది.

పాయింట్లు ఎలా వేయాలి?

అన్ని రికార్డుల పాయింట్లూ కూడితే ఎక్కువ సరుకు దింపిన ఏడాది గెలుస్తుంది. ఒక ఏడాది 20 రికార్డులు వచ్చి ఒక్కోదానికి 5 పాయింట్లు పడితే మొత్తం 100. ఇంకో ఏడాది 6 రికార్డులే వచ్చి ఒక్కోదానికి 8 పడితే 48. ఏది మంచి ఏడాదో చెప్పక్కర్లేదు, కూడిక మాత్రం తప్పుగా చెబుతుంది. పోనీ సగటు తీద్దామంటే రెండే రెండు మంచి రికార్డులు తెచ్చిన బద్ధకపు ఏడాది గెలుస్తుంది.

అందుకని ప్రతి ఏడాదికీ పై అయిదు రికార్డులే లెక్కించండి. పద్ధతి ఇది:

1. వారం ముందే ప్రతి ఒక్కరూ మూడు సంవత్సరాలు ప్రతిపాదించాలి. ఎక్కువమంది చెప్పిన మూడింటినే చర్చకు తీసుకోవాలి. నాలుగో ఏడాది చేరితే వినడానికి టైమ్ చాలదు.
2. ఒక్కో ఏడాదికి అయిదు రికార్డులు ఖరారు చేయాలి. అందులో ఈపీలు రెండుకి మించకూడదు.
3. విన్న వెంటనే, ఎవరూ నోరు తెరవకముందే, 10కి ఎన్నో చీటీ మీద రాసి మడిచిపెట్టాలి. మాట్లాడాక రాస్తే గట్టిగా మాట్లాడినవాళ్ల పాయింట్లే అందరి చీటీల్లోనూ కనిపిస్తాయి.
4. ఏడుగురు, అంతకు మించి ఉంటే అన్నిటికన్నా ఎక్కువ, తక్కువ పాయింట్లు తీసేసి మిగతావాటి సగటు కట్టాలి. అంతకన్నా తక్కువమంది ఉంటే అన్నీ ఉంచాలి.
5. అయిదు రికార్డుల సగటులూ కూడాలి. 50కి ఎంతో అదే ఆ ఏడాది మార్కు. అయిదో రికార్డు మార్కు పక్కన విడిగా రాసుకోవాలి, తర్వాత అవసరపడుతుంది.

క్రియేషన్‌కి 1991 అని అందరూ ఎందుకంటారు?

ఆ ఏడాది సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఏం జరిగిందో చూడండి. సెప్టెంబర్ 2న స్లోడైవ్ ‘జస్ట్ ఫర్ ఎ డే’. 23న స్క్రీమడెలికా. 30న స్వర్వ్‌డ్రైవర్ ‘రెయిజ్’. నవంబర్‌లో లవ్‌లెస్, బ్యాండ్‌వాగనెస్క్. ఒక చిన్న లేబుల్ మూడు నెలల్లో అయిదు ఆల్బమ్‌లు దింపింది, ఏ రెండూ ఒకలా ఉండవు. స్క్రీమడెలికాలో డాన్స్ క్లబ్బుల బీటు, గాస్పెల్ గొంతులు, డబ్ అన్నీ రాక్ బ్యాండ్‌లోకి వచ్చి చేరాయి. 1992లో బ్రిటన్‌లో మేటి ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ మొదటిసారి దానికే దక్కింది. బ్యాండ్‌వాగనెస్క్ గిటార్ల మీద తేటగా పాడిన పాటలు. అమెరికాలో స్పిన్ పత్రిక 1991కి మేటి ఆల్బమ్‌గా నెవర్‌మైండ్‌ని కూడా దాటించి దాన్నే ఎంచింది. లవ్‌లెస్ సంగతి చెప్పనక్కర్లేదు, గిటార్ శబ్దం ఎలా ఉండొచ్చో ఆ తర్వాత వచ్చినవాళ్లందరూ అక్కడి నుంచే నేర్చుకున్నారు.

లవ్‌లెస్‌కి ఎంత ఖర్చైందన్నది క్రియేషన్ అధిపతి అలన్ మెగీకీ, మై బ్లడీ వాలెంటైన్ గిటారిస్టు కెవిన్ షీల్డ్స్‌కీ మధ్య తెగని తగువు. తేలిన విషయాలు రెండు: ఆ ఆల్బమ్ తర్వాత క్రియేషన్ ఆ బ్యాండ్‌ని వదులుకుంది, మరుసటి ఏడాదే సోనీకి వాటా అమ్మింది. 1991ని మెచ్చుకునేటప్పుడు ఇది కూడా గుర్తుండాలి. అంత ఓపిక పట్టడం లేబుల్‌కి ఊరికే రాలేదు.

1991కి గట్టి పోటీ ఏది? 1994, 1995 కాదా?

అమ్మకాలు చూస్తే ఒయాసిస్ ఏళ్లే. డెఫినిట్లీ మేబీ 1994 ఆగస్ట్‌లో నేరుగా బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. 1995 అక్టోబర్‌లో మార్నింగ్ గ్లోరీ దాన్ని మించిపోయింది. కానీ అయిదో రికార్డు దగ్గరికి వచ్చేసరికి 1994 తేలిపోతుంది. రైడ్ ‘కార్నివాల్ ఆఫ్ లైట్’నీ, ప్రైమల్ స్క్రీమ్ ఆ ఏడాది ఆల్బమ్‌నీ అదే బ్యాండ్‌ల ముందటి రికార్డుల పక్కన పెట్టి వినండి, తేడా మీకే తెలుస్తుంది. 1995లో టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ ‘గ్రాండ్ ప్రి’, స్లోడైవ్ ‘పిగ్మేలియన్’ ఉన్నాయి కాబట్టి అది కాస్త నయం.

అసలు పోటీ 1993. బూ రాడ్లీస్ ‘జెయింట్ స్టెప్స్’, స్లోడైవ్ ‘సువ్లాకీ’, స్వర్వ్‌డ్రైవర్ ‘మెజ్కాల్ హెడ్’, టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ ‘థర్టీన్’, షుగర్ ‘బీస్టర్’. సువ్లాకీని అప్పటి బ్రిటిష్ పత్రికలు చీల్చి చెండాడాయి. ఇవాళ ఆ తరహా సంగీతం వినేవాళ్లు మొదట చెప్పే రెండు మూడు పేర్లలో అదొకటి. పత్రికల పాత తీర్పులు పక్కనపెట్టి చెవులతో వింటే 1991కి, 1993కి మధ్య తేడా చాలా తక్కువ. మా ఓటు 1991కే. జెయింట్ స్టెప్స్ ఎంత విశాలమైన ఆల్బమ్ అయినా, లవ్‌లెస్, స్క్రీమడెలికా రెండూ ఒకే ఏడాది ఉండటాన్ని అది ఒక్కటీ పూడ్చలేదు.

4ఏడీ, ఎస్ఎస్టీ లేబుళ్ల సంగతేమిటి?

4ఏడీకి చాలామంది 1988 అంటారు: పిక్సీస్ ‘సర్ఫర్ రోజా’, కాక్టో ట్విన్స్ ‘బ్లూ బెల్ నోల్’, డెడ్ కెన్ డాన్స్ ‘ది సర్పెంట్స్ ఎగ్’, త్రోయింగ్ మ్యూజెస్ ‘హౌస్ టొర్నాడో’. మేం 1990 అంటాం: కాక్టో ట్విన్స్ ‘హెవెన్ ఆర్ లాస్ వేగాస్’, పిక్సీస్ ‘బోసనోవా’, బ్రీడర్స్ ‘పాడ్’, డెడ్ కెన్ డాన్స్ ‘అయాన్’, పేల్ సెయింట్స్ మొదటి ఆల్బమ్. అయిదోది కూడా నిలబడింది.

కాలిఫోర్నియా ఎస్ఎస్టీకి 1984. ఆ ఏడాది జులైలోనే హస్కర్ డూ ‘జెన్ ఆర్కేడ్’, మినట్‌మెన్ ‘డబుల్ నికెల్స్ ఆన్ ద డైమ్’ వచ్చాయి, రెండూ డబుల్ ఆల్బమ్‌లే. దానికితోడు ‘మీట్ పపెట్స్ 2’, బ్లాక్ ఫ్లాగ్ ‘మై వార్’. ఇదే లేబుల్ 1987లో లెక్కకు మించి రికార్డులు దింపింది. సోనిక్ యూత్ ‘సిస్టర్’, డైనోసార్ జూనియర్ రెండో ఆల్బమ్ లాంటి మాణిక్యాలు అందులోనే ఉన్నాయి. కూడిక పద్ధతి వాడితే 1987 గెలుస్తుంది, పై అయిదు పద్ధతిలో 1984.

ఎక్కడ కూర్చోవాలి? ఎంతసేపు?

ఒక్క 1991లోని అయిదు ఆల్బమ్‌లకే దాదాపు నాలుగు గంటలు. లవ్‌లెస్ 48 నిమిషాల 36 సెకన్లు, స్క్రీమడెలికా గంట దాటిన డబుల్ ఎల్పీ. కాబట్టి ఒక ఆదివారానికి ఒకే ఏడాది పెట్టుకోండి. మధ్యాహ్నం 3కి మొదలుపెడితే మధ్యలో టీకి ఆగినా 8కల్లా చీటీలు విప్పొచ్చు. అపార్ట్‌మెంట్లలో 10 దాటాక సౌండ్ పెంచలేరు, తగ్గించి వింటే లవ్‌లెస్‌కి అన్యాయం చేసినట్టే.

బంజారాహిల్స్‌లో లామకాన్ లాంటి ఆరుబయలు ప్రాంగణం మాట్లాడుకోవడానికి హాయిగా ఉంటుంది, వినడానికి కుదరదు. తలుపులు మూసే గది కావాలి. ఎండాకాలంలో కూలర్ ఆన్‌లో ఉంటే స్లోడైవ్ పాటల్లోని సన్నటి చోట్లు వినిపించవు. సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా రెండో నంబరు దాటనివ్వకండి. ఏసీ గది ఉన్నవాళ్ల ఇల్లే ఖాయం చేసుకోవడం మంచిది. స్పీకర్లు రెండూ ఆరడుగుల దూరంలో, వినేవాళ్లు అంతే దూరంలో ముక్కోణం కొసన. ఒక్క బ్లూటూత్ స్పీకరుతో ఈ పని వద్దు. లవ్‌లెస్‌లో గిటార్ల పొరలన్నీ అతుక్కుని ముద్దలా వినిపిస్తాయి.

సౌండ్ స్థాయి సమానంగా ఉండాలంటే?

పాయింట్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. గట్టిగా వినిపించేది బాగున్నట్టు అనిపించడం చెవి లక్షణం. మార్నింగ్ గ్లోరీని చాలా గట్టిగా మాస్టర్ చేశారు, లవ్‌లెస్ పాత సీడీ బాగా మెల్లగా ఉంటుంది. వాల్యూమ్ నాబ్ ముట్టకుండా ఒకదాని తర్వాత ఒకటి పెడితే ఒయాసిస్‌కి ఊరికే పాయింట్లు పడతాయి.

ఫైళ్లయితే ఫూబార్2000 అనే ప్లేయర్‌లో రీప్లేగెయిన్ (సౌండ్ స్థాయి సమానం చేసే సదుపాయం) స్కాన్ చేసి, ‘ఆల్బమ్’ మోడ్‌లో వాడండి. ‘ట్రాక్’ మోడ్ పెడితే మెల్లటి పాటలు కూడా పైకి లేచి ఆల్బమ్‌లోని ఎత్తుపల్లాలు పోతాయి. స్ట్రీమింగ్ అయితే అదే పని చేసే నార్మలైజేషన్ ఆన్ చేయండి. ఎల్పీలైతే ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్‌తో, కూర్చునే చోట, ప్రతి ఆల్బమ్‌లో బాగా గట్టిగా ఉండే అర నిమిషం కొలిచి 80 డెసిబెల్స్ దగ్గరికి తీసుకురండి. ఒక డెసిబెల్ అటూ ఇటూ ఉన్నా పర్లేదు.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన టర్న్‌టేబుల్ మీద పాటలు సాగినట్టు వినిపిస్తున్నాయి. ఎందుకు?

హైదరాబాద్‌లో ఇది తరచూ ఎదురయ్యే సమస్య. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ఏసీ సింక్రనస్ మోటారు ఉన్న పాత టర్న్‌టేబుల్ వేగం ఆ హెర్ట్జ్‌ని బట్టే ఉంటుంది. నిమిషానికి 33⅓ తిరగాల్సింది దాదాపు 27.8 తిరుగుతుంది, పాట మూడు స్వరస్థానాల కిందికి దిగిపోతుంది. 110 వోల్టుల కన్వర్టర్ పెట్టినా ప్రయోజనం ఉండదు, అది వోల్టేజి మారుస్తుందే గానీ హెర్ట్జ్ మార్చదు. కొన్ని మోడళ్లకు 50 హెర్ట్జ్ పుల్లీ దొరుకుతుంది, అది మార్చాలి. డీసీ మోటారు లేదా క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్ అయితే ఈ బాధ లేదు, సరైన అడాప్టర్ ఉంటే చాలు.

బుయ్‌మని హమ్ వస్తుంటే టర్న్‌టేబుల్ వెనక సన్నటి ఎర్త్ వైరు ఆంప్లిఫయర్ గ్రౌండ్ స్క్రూకి బిగించారో లేదో చూడండి.

అన్నీ సరిగ్గా ఉన్నా లవ్‌లెస్ మాత్రం ఊగుతోంది. రికార్డు వంగిందా?

లేదు, ఆ ఆల్బమ్ అంతే. కెవిన్ షీల్డ్స్ గిటార్ ట్రెమొలో ఆర్మ్‌ని (తీగల బిగువు మార్చే కడ్డీని) చేతిలో పట్టుకునే తీగలు మీటుతాడు. దాంతో ప్రతి మీటుకీ శ్రుతి కొద్దిగా దిగి లేస్తుంది. అనుమానం తీరాలంటే అదే టర్న్‌టేబుల్ మీద బ్యాండ్‌వాగనెస్క్ పెట్టండి. అది నిలకడగా వినిపిస్తే యంత్రం బాగున్నట్టే. కొత్తవాళ్లు వచ్చినప్పుడు ఈ ముక్క ముందే చెప్పాలి. లేకపోతే చీటీ మీద రికార్డుకి కాదు, లేని లోపానికి పాయింట్లు పడతాయి.

ఒరిజినల్ ఎల్పీలే ఉండాలా? ఇక్కడ దొరుకుతాయా?

అక్కర్లేదు. జుమ్మెరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య సినిమా, భక్తి పాటల రికార్డులు తగిలితే తగలొచ్చు గానీ, క్రియేషన్ మొదటి ముద్రణల కోసం అక్కడికి వెళ్లకండి. రీఇష్యూ ఎల్పీ అయినా, నాణ్యత తగ్గని (లాస్‌లెస్) ఫైలైనా సరే. ఒక ఏడాదిలోని అయిదూ ఒకే రకం మాధ్యమంలో ఉంటే చాలు.

ఉన్న ఎల్పీలు కడిగేటప్పుడు బోరు నీళ్లు వాడొద్దు, అందులోని సున్నం రికార్డు గాడుల్లో తెల్లగా పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ వాడండి. పాత 78 ఆర్‌పీఎం లక్క రికార్డులకు ఆల్కహాల్ తగలనివ్వకండి, లక్క కరిగిపోతుంది. ఏప్రిల్, మేలో కారులో వదిలేసిన ఎల్పీ మళ్లీ తిన్నగా అవ్వదు. వానాకాలం బూజు పట్టకుండా నిలువుగా, గోడకి ఆనకుండా పెట్టండి.

రెండు ఏళ్లకీ ఒకే మార్కు వస్తే?

మొదట అయిదో రికార్డుల మార్కులు పోల్చండి, ఎక్కువ ఉన్న ఏడాది గెలుస్తుంది. అక్కడా సమానమైతే, ఆ ఏడాది మొదటి ఆల్బమ్ తెచ్చిన బ్యాండ్‌లు ఎన్నో లెక్కపెట్టండి. కొత్తవాళ్ల మీద పెట్టుబడి పెట్టిన ఏడాదికే మొగ్గు చూపాలి. 1991, 1993 సమానంగా వచ్చాయనుకుందాం. 1991లో స్లోడైవ్, స్వర్వ్‌డ్రైవర్ ఇద్దరివీ మొదటి ఆల్బమ్‌లు. 1993 జాబితాలోని అయిదుగురిలో అప్పటికి కొత్తవాళ్లు ఎవరూ లేరు.